‘దిద్దుబాటు’ మీద వ్యాసం: ఐదు ప్రతిపాదనల్లో ఏది ఎంచుకోవాలి?

గురజాడ ‘దిద్దుబాటు’ మీద వ్యాసం రాయమంటే చాలామంది మొదటి వాక్యం ఒకటే: ‘స్త్రీ విద్య ఆవశ్యకతను రచయిత ఈ కథలో చక్కగా చిత్రించారు.’ అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా, ఆ వాక్యం రాసేశాక వ్యాసానికి పని మిగలదు. కాదనేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి రుజువు చేయాల్సిందీ ఉండదు. మిగతా నాలుగు పేజీలూ కథను మళ్లీ చెప్పడంతో నింపాల్సి వస్తుంది. దిద్దేవారు మార్జిన్‌లో ‘ఇది కథా సారాంశం’ అని రాసేది ఇలాంటి వ్యాసాల మీదే.

వ్యాసం మొత్తం కలిసి నిలబెట్టాల్సిన ఒక్క మాటను ఇక్కడ ‘ప్రతిపాదన’ అందాం. కథ దేని గురించి అన్నది వస్తువు. ఆ వస్తువును కథ ఎలా చూస్తోందో, ఏ పద్ధతిలో మన ముందు పెడుతోందో మీరు తేల్చి చెప్పే మాట ప్రతిపాదన. ‘స్త్రీ విద్య’ వస్తువు మాత్రమే. ‘చదువుకున్న కమలిని కథలో నోరు విప్పి ఒక్క మాటా మాట్లాడదు, రాస్తుంది, నవ్వుతుంది, కథ బలం ఆ మౌనంలోనే ఉంది’ అంటే అది ప్రతిపాదన. వినగానే ‘అవునా?’ అని కొందరు కథ తిరగేస్తారు, ‘కాదు’ అని కొందరు వాదిస్తారు. ఆ ఇద్దరికీ చెప్పే జవాబే వ్యాసం.

డిగ్రీ, ఎం.ఏ. తెలుగు విద్యార్థులకూ, సివిల్స్‌లో తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకున్నవారికీ ఈ కథ తప్పకుండా ఎదురవుతుంది. దీని మీద పెట్టగల ఐదు ప్రతిపాదనలను పక్కపక్కన ఉంచి, ఏది ఎవరికి పనికొస్తుందో చూద్దాం.

ముందు కథలో ఉన్నదేమిటి

‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చింది. ‘తలుపు! తలుపు!’ అన్న కేకతో మొదలవుతుంది. రాత్రి ఒంటిగంట. గోపాలరావు సాని పాట విని ఇంటికి వస్తాడు. తలుపు నెడితే తెరుచుకుంటుంది, పడకగదిలో భార్య కమలిని ఉండదు. నౌకరు రాముణ్ణి అడుగుతాడు, కోపంలో వీపు మీద గుద్దుతాడు, వెంటనే నొచ్చుకుని లేవనెత్తుతాడు. బల్ల మీద కమలిని రాసి పెట్టిన ఉత్తరం కనిపిస్తుంది. పది రోజులుగా మీటింగులని చెప్పి రాత్రిళ్లు ఎక్కడికి వెళ్తున్నారో తెలిసిందనీ, తాను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధమాడాల్సి వస్తోందనీ, అందుకే పుట్టింటికి వెళ్తున్నాననీ అందులో ఉంటుంది. గోపాలరావు తనను తాను తిట్టుకుంటాడు, చదువుకున్న స్త్రీ గొప్పతనం గురించి రాముడికి ఉపన్యసిస్తాడు, కమలినిని తీసుకురమ్మంటూ ఏమేం చెప్పాలో నేర్పుతాడు. నేర్పిన మాటలు వదిలేసి రాముడు తనదైన ధోరణిలో ఏం చెబుతాడో వినిపిస్తాడు. గోపాలరావు కోపంగా లేస్తాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, చేతి కంకణాల చప్పుడు. కథ అక్కడ ఆగిపోతుంది.

ఇంత చిన్న కథ కాబట్టి మూడుసార్లు చదవడం కష్టం కాదు. మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, రెండుసార్లు వచ్చిన మాటలనూ, అనుకోకుండా వచ్చిన మాటలనూ గీయండి. మూడోసారి, ముగింపు తెలిసిన మనిషిగా, మంచం కింద కమలిని వింటోందని గుర్తుంచుకుని ప్రతి సంభాషణా చదవండి. అసలు సరుకు దొరికేది ఈ మూడో చదువులోనే. రెండో చదువుతో ఆగిపోయిన వ్యాసాలు అందుకే ఒకదానికొకటి నకలులా ఉంటాయి.

ఏ ప్రతిపాదననైనా తూచే మూడు పరీక్షలు

ఒకటి: ఇదే కథ శ్రద్ధగా చదివిన మనిషి దీన్ని కాదనగలడా? ప్రతిపాదనను తిరగేసి రాయండి. ‘గురజాడ స్త్రీ విద్యను వ్యతిరేకించారు’ అని ఎవరూ అనరు, కాబట్టి దాని అసలు రూపానికీ విలువ లేదు. ‘గోపాలరావు నిజంగా మారాడు’, ‘గోపాలరావు మారలేదు’ అన్నవి రెండూ అనగలిగిన మాటలే, రెండిట్లో ఏదైనా పనికొస్తుంది.

రెండు: కథలో కనీసం నాలుగు చోట్లు చూపగలరా? అవి కథ మొదట్లో, మధ్యలో, చివర్లో పరుచుకుని ఉండాలి. నాలుగూ ఉత్తరంలోంచే తెస్తే మీరు ఉత్తరం మీద వ్యాసం రాస్తున్నట్టు, కథ మీద కాదు.

మూడు: మంచం కింద నవ్వుకు మీ వాదంలో చోటుందా? ‘దిద్దుబాటు’ విషయంలో అన్నిటికన్నా కఠినమైన పరీక్ష ఇదే. కమలిని నిజంగా పుట్టింటికి వెళ్లిపోయి ఉంటే ఇది వేరే కథ అయ్యేది. ఇల్లు వదిలి వెళ్లిన స్త్రీ మీద రాస్తున్నట్టు వ్యాసమంతా సాగి, చివరి పేరాలో నవ్వు దగ్గర తడబడేవారు ఎందరో.

మొదటి ప్రతిపాదన: చదువుకున్న భార్య భర్తను దిద్దింది

అందరికీ అందుబాటులో ఉండేది ఇది. ఉత్తరం ఉంది, ఉత్తరం చదివి గోపాలరావు పశ్చాత్తాపపడటం ఉంది, విద్య నేర్చిన స్త్రీ గురించి అతని పొగడ్త ఉంది. రెండో పరీక్షలో సునాయాసంగా, మూడోదానిలో అత్తెసరుగా నెగ్గుతుంది, మొదటిదానిలో తప్పుతుంది.

సివిల్స్‌లో 150 మాటల్లో ముగించాల్సిన 10 మార్కుల ప్రశ్నకు ఇది చాలు. అంతకన్నా పెద్ద వ్యాసానికి దీన్నే ఉంచుకోవాలనుకుంటే పదును పెట్టాలి: చదువు కమలినికి ఏమిచ్చింది? నీతి బోధ చేసే శక్తా, నింద అనిపించకుండా నిందించే నేర్పా? ‘పతి మేలు’ కోరే సతి మర్యాద ముసుగులో ఆమె భర్తను అబద్ధాలకోరు అనేస్తుంది. ‘కమలిని చదువు ఫలం ఆమె సుగుణం కాదు, ఆమె వ్యంగ్యం’ అంటే మొదటి పరీక్ష కూడా నెగ్గుతుంది.

రెండో ప్రతిపాదన: గోపాలరావు మారలేదు, మారతానన్నాడు

తొలిసారి వాదన వ్యాసం రాసేవారికి ఐదింటిలో ఇది మంచిదని మా నమ్మకం. ఆధారాలు కంటికి కనిపించేలా ఉన్నాయి, ఎదురువాదమూ బలమైనది.

‘పశువు’ అన్న ఒక్క మాటను పట్టుకోండి. ఉత్తరం చదివాక గోపాలరావు తనను పశువుతో పోల్చుకుంటాడని అందరూ రాస్తారు. అదే పోలిక అంతకుముందే, రాముణ్ణి గుద్ది, జాలిపడి, వీపు నిమిరే చోట వచ్చేసిందని గమనించేవారు తక్కువ. అంటే ఉత్తరం కంటపడకముందే గోపాలరావు ఒకసారి పశువునని అనుకుని, ఒకసారి బాధపడి, ఒకసారి తేరుకున్నాడు. ఆ చోటే కథకుడు అతన్ని దయగల మనిషి అంటాడు. తప్పు చేయడం, చప్పున నొచ్చుకోవడం, ఆ నొచ్చుకోలుతో తృప్తిపడటం అతని అలవాటని కథ మొదట్లోనే చూపించింది. రెండోసారి అదే మాట వచ్చినప్పుడు పాఠకుడు నమ్మాలా వద్దా?

రాముణ్ణి పంపేటప్పటి మాటలు దీనికి తోడవుతాయి. కమలిని పుట్టిల్లున్న చంద్రవరానికి తానే వెళ్లవచ్చు, కానీ నాలుగు రోజుల దాకా ఊరు కదలడానికి వీలు లేదంటాడు. క్షమాపణ కూడా నౌకరు నోట చెప్పిస్తాడు. ఇక చివర రాముడు సానిపాప ప్రసక్తి తెచ్చేసరికి మళ్లీ కోపంగా లేచి నిలబడతాడు. కథ మొదట్లో గుద్దిన మనిషే చివర్లో లేస్తున్నాడు. రాముడు బయటికి గెంతేది ఊరికే కాదు, మొదటి గుద్దులు గుర్తున్నాయి కాబట్టి.

ఎదురువాదం: కథ పేరే ‘దిద్దుబాటు’, ముగింపులో నవ్వు ఉంది, నవ్వు అంటే క్షమించినట్టే కదా. దీన్ని తప్పించుకోకండి, వ్యాసంలో మూడో వంతు దీనికే ఇవ్వండి. దిద్దుబాటు అన్న మాట అచ్చుతప్పులు సరిచేయడానికీ వాడతాం. అది జరుగుతూ ఉన్న పనిని చెప్పవచ్చు, పూర్తయినదాన్నీ చెప్పవచ్చు. నవ్విన కమలిని మాట్లాడలేదు, ఒప్పుకున్నానని అనలేదు. కథ నవ్వు దగ్గరే ఆగింది, మర్నాటి రాత్రి మనకు చూపలేదు.

ఇక్కడ జారే చోటు ఒకటుంది. ఉత్సాహంలో గోపాలరావును దుర్మార్గుణ్ణి చేసేయడం. కథ అతన్ని అలా చూడటం లేదు. ‘మారలేదు’ అన్న మాటకు బదులు ‘మారినట్టు కథ రుజువు చూపలేదు’ అంటే వాదం నిలుస్తుంది.

మూడో ప్రతిపాదన: దిద్దింది రాముడు

అన్నిటికన్నా సరదా అయినదీ, 2000 మాటలకు పైబడిన వ్యాసానికి సరిపడేదీ ఇదే. మూడో చదువు చదివినవారే దీన్ని రాయగలరు.

గోపాలరావు ఉత్తరం పైకి చదువుతూ, ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ వచ్చిందని వాపోతే, రాముడికి ‘పెయ్య’ పోయినట్టు వినిపిస్తుంది. మొదటి చదువులో ఇది చదువురాని నౌకరు మీద హాస్యం. మూడో చదువులో, రాముడు నవ్వు ఆపుకోలేకపోతున్నాడని కథకుడు చెప్పిన మాట గుర్తుంటే, ఇది నటన కావచ్చు. అలా చూస్తే రాముడి ప్రశ్నలన్నీ రంగు మారతాయి. అతను అమాయకంగా అడిగిన ప్రతిసారీ గోపాలరావు ఒక మెట్టు ఎక్కువ ఒప్పుకుంటాడు, ఆ ఒప్పుకోలంతా మంచం కింద కమలిని వింటూనే ఉంటుంది.

ప్రతిపాదన ఒక్కసారిగా కుదరదు. ఇది ఎలా తయారవుతుందో చూడండి.

‘రాముడి పాత్ర కథలో చాలా ముఖ్యమైనది.’ దీంతో ఏమీ చెప్పినట్టు కాదు. ‘ముఖ్యమైనది’ అన్న మాట ఏ పాత్రకైనా అతుకుతుంది.

‘రాముడు హాస్యం పండించడమే కాక గోపాలరావును సంస్కరిస్తాడు.’ కొంచెం నయం. కానీ రాముడు ఎక్కడా ఉపదేశించడు, కాబట్టి ‘సంస్కరిస్తాడు’కు రుజువు దొరకదు.

‘ఏమీ తెలియనట్టు ప్రశ్నలడిగి, గోపాలరావు చేత తప్పును కమలిని వినేలా ఒప్పించేది రాముడే.’ ఇప్పుడు చూపగలిగిన పని ఒకటి దొరికింది: ప్రశ్నలు, ఒప్పుకోలు, వింటున్న మనిషి.

‘గోపాలరావును దారిలో పెట్టే పని కమలిని ఉత్తరం మొదలుపెడితే, ఏమీ తెలియనట్టు అడిగే రాముడి ప్రశ్నలు పూర్తి చేస్తాయి, అయినా ఆ దిద్దుబాటులో దెబ్బలు రాముడికీ, మెప్పు చదువుకీ దక్కాయి.’ ఇది నిలబడుతుంది. ఇందులో ‘అయినా’ తర్వాతి ముక్కే వ్యాసానికి ప్రాణం. అది లేకపోతే పాత్ర చిత్రణ, ఉంటే వాదం.

ఎదురుదెబ్బ ఎక్కడ తగులుతుందో ముందే తెలుసుకోండి. చెప్పకుండా పుట్టింటికి వెళ్తానన్న ఆడదానికి లెంపలు వాయించి కూర్చోబెట్టాలని అన్నది కూడా ఈ రాముడే. దీన్ని దాచి వ్యాసం రాస్తే దిద్దేవారు మొదట వేలుపెట్టేది అక్కడే. రెండు దారులున్నాయి. అదీ నటనే, గోపాలరావు చేత స్త్రీ విద్యను పొగిడించడానికి వేసిన ఎర అనవచ్చు. అతను వెంటనే మూర్ఖుడని రాముణ్ణి తిట్టి, చదువుకున్న స్త్రీని ఆకాశానికెత్తుతాడు కాబట్టి ఈ దారికి ఆధారం ఉంది. లేదా, అది రాముడి నిజమైన అభిప్రాయమే, తనకు నమ్మకం లేని పనిలోనూ అమ్మగారికి సాయపడ్డాడు అనవచ్చు. అతని కూతురు బడికి వెళ్తోందన్న విషయం రెండో దారిని కొంత బలహీనపరుస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని కారణం చెప్పండి. రెండూ సరైనవే అని వదిలేయకండి.

ఇంకో జాగ్రత్త: కమలిని దాక్కున్న సంగతి రాముడికి ముందే తెలుసని కథలో ఎక్కడా నేరుగా లేదు. నవ్వు ఆపుకోవడం, వెనక్కి జరగడం లాంటి సూచనలే ఉన్నాయి. ‘రాముడికి తెలుసు’ అని కాక ‘తెలుసనుకోవడానికి ఇవి ఆధారాలు’ అని రాయాలి.

నాలుగో ప్రతిపాదన: కమలిని మౌనం, కథలోని భాషలు

కమలిని గొంతు మనకు ఎప్పుడూ సూటిగా వినిపించదు. ఆమె రాసింది గోపాలరావు నోట వింటాం, ఆ తర్వాత నవ్వు వింటాం. ఆమె ఉత్తరం గ్రాంథికంలో ఉంటుంది, గోపాలరావు మాట చదువుకున్నవారి వాడుకలో, రాముడిది ఉత్తరాంధ్ర పలుకుబడిలో. ఒకే గదిలో మూడు తెలుగులు. వాడుకభాష కోసం పోరాడిన రచయిత కథానాయిక చేత గ్రాంథికం ఎందుకు రాయించాడు? ఈ ప్రశ్నకు జవాబే మంచి ప్రతిపాదన అవుతుంది: ‘ఉత్తరంలోని గ్రాంథికం కమలిని వేసుకున్న ముసుగు, చివరి నవ్వుతో ఆమె దాన్ని తీసేసింది’ అన్నా చాలు.

దీనికి ఆధారాలు లెక్కపెట్టి చూపగలిగినవి, కాబట్టి వాదం గట్టిగా ఉంటుంది. కానీ ప్రమాదమూ దీనికే ఎక్కువ. ‘దిద్దుబాటు’కు భాష మార్చిన పాఠాలు కూడా చలామణిలో ఉన్నాయి. మీ చేతిలో ఉన్నది మార్చిన పాఠమైతే, గురజాడ రాయని క్రియారూపం మీద మీరు ఒక పేరా వాదం కడతారు. మూలపాఠం దగ్గర పెట్టుకుని, ఏ ముద్రణ వాడారో వ్యాసం మొదట్లోనే చెప్పగలిగితేనే దీనికి పూనుకోండి. అలా కుదరనివారు దీన్ని వదిలేయడం మేలు.

ఐదో ప్రతిపాదన: సంస్కరణ ఉద్యమం, వినిపించని సాని

గోపాలరావు మాటల్లో ‘యాంటినాచి’ ప్రస్తావన వస్తుంది. సాని మేళాలను మాన్పించాలన్న ఈ ఉద్యమం మద్రాసు రాజధానిలో 1890ల నుంచి నడిచింది, తెలుగునాట వీరేశలింగం అందులో ముందున్నారు. ఆ మాటలు పలికే సంస్కరణవాది పాట వినడానికి వెళ్లడం కథలో తొలి వైరుధ్యం. పాడిన స్త్రీ పేరు గానీ, మాట గానీ కథలో లేవు. ‘ఇల్లాలి గౌరవం నిలబెట్టిన ఈ కథ, సానిని సమస్యగా తప్ప మనిషిగా చూడలేదు’ అన్నది పదునైన ప్రతిపాదనే.

అయితే దీన్ని ఎంచుకున్నవారి వ్యాసాలు రెండో పేజీకల్లా చరిత్ర పాఠాలైపోతాయి. కథలో ఆధారం రెండు మూడు చోట్లే ఉండటం వల్ల, ఆ ఖాళీని ఉద్యమం తేదీలతో పూడుస్తారు. చరిత్ర ఒక పేరా దాటకూడదని ముందే గీత గీసుకోండి. అంతకన్నా ఎక్కువ చెప్పాలనుంటే ఇదే రచయిత ‘సంస్కర్త హృదయం’తో పోల్చి రాయండి. అక్కడ యాంటినాచి వాదం చేసే ప్రొఫెసరూ ఉన్నాడు, మాట్లాడే వేశ్యా ఉంది. అప్పుడు ఆధారాలకు కొరత ఉండదు.

ప్రతిపాదన కానివి

‘దిద్దుబాటు తెలుగులో తొలి కథ’ అన్నదాన్ని ప్రతిపాదనగా పెట్టేవారు ఉన్నారు. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902 నాటిది, అక్కడే ఆ వాదన చిక్కుల్లో పడుతుంది. ఆ చర్చ సాహిత్య చరిత్రది. ఈ కథలో ఒక్క వాక్యం చదవకుండానే దాన్ని గెలవవచ్చు, ఓడవచ్చు. ‘కథనం ఆసక్తికరంగా ఉంది’, ‘శైలి సహజంగా ఉంది’ లాంటివి మెచ్చుకోళ్లు. వీటిని ముందుమాటలోనో చివర్లోనో వాడుకోవచ్చు, వ్యాసాన్ని మాత్రం మోయలేవు.

ఇక ఎంపిక

పరీక్ష హాల్లో 150 మాటలైతే మొదటిది, వ్యంగ్యం అన్న పదునుతో, రెండు ఆధారాలతో. ఇంట్లో రాసే 1000 నుంచి 1500 మాటల వ్యాసానికి రెండోది. సెమినార్ పత్రం, 2000 పైచిలుకు మాటలు, రెండు వారాల వ్యవధి ఉంటే మూడోది. భాషాశాస్త్రం మీద పట్టు, మూలపాఠం రెండూ ఉన్నవారికి నాలుగోది. ఐదోది ఒంటరిగా వద్దు, పోలికతో కలిపే.

రెండిటి మధ్య ఊగిసలాడుతుంటే ఒక పని చేయండి. రెండు కాగితాలు తీసుకుని, ఒక్కోదాని మీద ఒక్కో ప్రతిపాదన రాసి, 15 నిమిషాలు దానికి వ్యతిరేకంగా మాత్రమే రాయండి. ఎదురువాదం రెండు వాక్యాలకే ఆగిపోతే ఆ ప్రతిపాదనలో వాదించేందుకు సరుకు లేదు. పేజీ నిండి, మీ దగ్గర జవాబు కూడా లేకపోతే అది ప్రస్తుతానికి మీకు బరువు. అర పేజీ దాకా వచ్చి, ఒక్కో అభ్యంతరానికి కథలో ఒక చోటు చూపగలుగుతున్నారంటే, దాన్నే పట్టుకోండి.

ప్రతిపాదనను 20 నుంచి 35 మాటల్లో ఇమడ్చండి. మొదటి పేరా చివర పెట్టండి. చిత్తుప్రతి పూర్తయ్యాక ప్రతి పేరా మొదటి వాక్యాన్నీ విడిగా ఒకచోట రాసి, ప్రతిపాదన కింద పేర్చి చూడండి. ‘తర్వాత గోపాలరావు ఉత్తరం చదివాడు’ లాంటి వాక్యంతో మొదలైన పేరా కథ చెబుతోంది, వాదించడం లేదు. దాన్ని ‘ఉత్తరం చదివినప్పటి పశ్చాత్తాపం అతనికి ఆ రాత్రి మొదటిది కాదు’ అని మార్చితే కింది వాక్యాలు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

రాస్తూ రాస్తూ మధ్యలో మీ ఆధారాలే మీ మాటను కాదంటున్నాయని తేలితే, ఆధారాలను పక్కకు నెట్టకండి, ప్రతిపాదన మార్చండి. ‘మారలేదు’ అని మొదలుపెట్టి, నవ్వు దగ్గరికొచ్చేసరికి ‘మారాడా లేదా అన్నది కమలినికి కూడా ఇంకా తేలలేదు’ అనిపిస్తే, ఆ రెండో వాక్యమే మీ అసలు ప్రతిపాదన. మొదటి పేరాకు వెళ్లి, పాతది కొట్టేసి, అక్కడ దీన్ని రాయండి.